ఊరికి చేతులుంటాయా

కొత్త కాలనీ, గోదావరిఖని
మార్చి 9

గౌరవనీయులైన జమున గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం నస్పూర్‌లో మీ గేటు ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డ మనిషిని నేనే. మా ఊరి పేరు చెప్పగానే మీరు గడియ పెట్టేశారు. "ఏదున్నా కాయితం మీద రాసి పంపు. ఫోన్ చెయ్యకు, నోటితోని చెప్పకు" అన్నారు. ఎందుకలా అన్నారో నాకు అర్థం కాలేదు. అయినా రాస్తున్నాను. బడిలో సెలవు చీటీ రాసిన తర్వాత నేను రాస్తున్న ఉత్తరం ఇదే, తప్పులుంటే మన్నించాలి.

నా పేరు వీరేందర్. మాది ఏరడపల్లె. రాజలింగు మనవణ్ని, పోశం కొడుకుని. ఓపెన్ కాస్టులో డంపర్ నడుపుతాను. మా ఊరు ఆ గని కిందికే పోతోంది. ఇళ్లు ఖాళీ చేసి అందరం ఈ కాలనీకి వచ్చేశాం. పోచమ్మ తల్లి ఒక్కతే అక్కడ మిగిలింది. శ్రావణంలో బోనాల నాటికి ఆమెను ఇక్కడికి తెచ్చుకోవాలి.

తల్లి రాయిని కదిలించాలంటే ముందు కుమ్మరింటి చెయ్యి పడాలని మీకు తెలుసు. మా ఊరికి కుమ్మరిల్లు మీదొక్కటే. పక్క ఊళ్ల కుమ్మరులను బతిమాలాం. "ఆ ఇంటోళ్లు బతికుండంగ మేమెట్ల ముట్టుకుంటం?" అని ఎవరూ రాలేదు. వెతగ్గా వెతగ్గా మీ నాన్నగారు నస్పూర్‌లో బొగ్గుబాయి పని చేశారని, ఆయన పోయారని, మీరున్నారని తెలిసింది.

అప్పట్లో ఏవో గొడవలై మీవాళ్లు ఊరు విడిచి వెళ్లారని విన్నాను. పాత సంగతులు మనసులో పెట్టుకోకుండా ఒక్క పూట వచ్చి తల్లిని లేపి వెళ్లండి. బండి నేనే తెస్తాను.

ఇట్లు,
వీరేందర్

నస్పూర్
మార్చి 20

వీరేందర్‌కు,

గౌరవనీయులట! మా ఇంటి గడప తొక్కి ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. బ్లౌజులు కుట్టుకునేదాన్ని, నాకెందుకయ్యా అంత పెద్ద మాట? అది తీసి అవతల పెట్టు.

"ఏవో గొడవలై ఊరు విడిచి వెళ్లారు." ఎంత సుతారంగా రాశావు! జాతరకు పోయినట్టు పోయారనుకున్నావా? నీకు నిజంగా తెలియదో, తెలిసీ మింగావో నాకు తెలియదు. నేనైతే మింగను.

మా తాత అయిలయ్య కుండలు చేసేవాడు, రోజూ పోచమ్మకు దీపం పెట్టేవాడు. ఒక ఏడు మీ ఊళ్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కొందరు చనిపోయారు. అయిలయ్య బాణామతి చేశాడన్నారు. పోచమ్మ ముందే కట్టేసి పట్కారుతో ముందరి పండ్లు పీకారు. పండ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదట, అందుకని. ఆ నెత్తురు నోటితోనే పెళ్లాన్నీ కొడుకునీ పట్టుకుని గోదావరి దాటి ఇవతలికి వచ్చాడు. ఆ కొడుకు మా బాపు.

తాత నా చిన్నప్పుడంతా ఉన్నాడు. రొట్టెను చాయ్‌లో నానబెట్టుకుని తినేవాడు. ఎవరైనా ఇంటికొస్తే తువ్వాల నోటికి అడ్డం పెట్టుకునేవాడు. మేమేదైనా చెప్పి నవ్విస్తే గోడవైపు తిరిగి నవ్వేవాడు. ఇంకెప్పుడూ మట్టి ముట్టలేదు.

కాయితం మీద రాయమని ఎందుకన్నానో ఇప్పుడు విను. ఎవరు చేశారని అడిగితే "ఊరు చేసింది" అనేవాళ్లే. ఊరికి చేతులుంటాయా? ఆ పట్కారు పట్టింది ఒక మనిషి. ఆ మనిషికి ఒక పేరుంటుంది. ఆ పేరు రాయి, కింద నీ సంతకం పెట్టు. అప్పుడు ఆలోచిస్తా వచ్చేదీ రానిదీ.

జమున

కొత్త కాలనీ, గోదావరిఖని
ఏప్రిల్ 14

జమునక్కకు,

అక్కా అని పిలుస్తున్నాను, కోపం తెచ్చుకోకండి. గారు అంటే ఇంకా ఎక్కువ తిడతారని భయం.

మీ ఉత్తరం డంపర్ క్యాబిన్‌లో కూర్చుని చదివాను. తర్వాత రెండు ట్రిప్పులు ఎక్కడ పోశానో నాకే తెలియదు, సూపర్‌వైజర్ అరిచాడు. నాకు కొంత తెలుసక్కా. చిన్నప్పుడు గుసగుసలు విన్నాను. పండ్ల సంగతి మాత్రం తెలియదు, మా అమ్మ తోడు.

మా బాపును అడిగాను. అన్నం కంచం పక్కకు నెట్టి లేచాడు. "సచ్చినోళ్ల ముచ్చట ఎందుకురా నీకు? అప్పుడు నీకు పుట్టుకే లేదు. దవాఖాన లేదు, డాక్టర్ లేడు, ఏం తెలుసు మనుషులకు?" అన్నాడు. నేను వదల్లేదు. ఆఖరికి గోడవైపు చూస్తూ చెప్పాడు. పట్కారు పట్టింది మా తాత రాజలింగు.

రాశాను. కింద సంతకమూ పెడుతున్నాను.

కానీ ఒక మాట అడుగుతా, తిట్టినా సరే. మా తాత చేసిన దానికి నేనెట్లా దోషినవుతాను? నేను ఆయన్ను ఫోటోలో తప్ప చూడలేదు. ఆయన ముక్కు నాకొచ్చింది, పొలం బాపుకొచ్చింది, పాపం కూడా ఇట్లాగే పంచుకోవాలా? అట్లా అయితే రేపు నా బిడ్డ భావ్య సంగతేమిటి? మా ఊరి మట్టిని నేనే డంపర్‌తో ఎత్తి పోస్తున్నాను. మా బడి జాగా మీదుగా ఇప్పుడు నా టైర్లే తిరుగుతున్నాయి. అందుకు భావ్య పెద్దయ్యాక తల దించుకోవాలా? వారం రోజులుగా ఇదే తిరుగుతోంది బుర్రలో. డ్యూటీ దిగి వచ్చినా నిద్ర లేదు. మా ఆవిడ జమాలాపురం తాయెత్తు కట్టించుకోమంటోంది.

మా తాత తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. వస్తారు కదా?

వీరేందర్

నస్పూర్
మే 2

వీరేందర్‌కు,

సంతకం చూశాను. వంకరగా ఉన్నా పెట్టావు. అంతవరకు మెచ్చుకుంటాను.

కానీ తమ్ముడూ, చచ్చిపోయినవాడి పేరు రాయడం తేలికే. ఫోటో వచ్చి నిన్నేమీ అడగదు. ఇక నీ క్షమాపణ అంటావా, అది నాకొద్దు. నువ్వు చేయని పనికి నువ్వెట్లా అడుగుతావు, నేనెట్లా ఇస్తాను? బట్ట ఒకరిది, కొలతలు ఇంకొకరివి పెట్టి కుడితే ఎవరికీ పట్టదు.

నీ ప్రశ్నకు నాకు తెలిసింది చెప్తా. నువ్వు దోషివని నేను అనలేదు, ఇకముందూ అనను. నువ్వు చేసిందల్లా "ఏవో గొడవలై" అని రాయడం. అది మాత్రం నీ చేత్తో నువ్వు రాసిందే. నీ బిడ్డకు కూడా అదే మాట చెప్పి పెంచితే అప్పుడు అడుగు, ఎవరు దోషి అని.

ఇంకొకటి. మా బాపుకు అప్పుడు పన్నెండేళ్లు. అన్నీ చూశాడు. పట్కారు పట్టినవాడి ముఖం ఆయనకు గుర్తు లేదు, ఏడుస్తూ కళ్లు మూసుకున్నాడట. కానీ ఒక గొంతు గుర్తుంది. పోచమ్మ ముందు ఒక ఆడమనిషి జుట్టు విరబోసుకుని ఊగుతూ "అయిలిగాడే, అయిలిగాడే తిన్నడు" అని అరిచింది. ఆ తర్వాతే తాళ్లు తెచ్చారు. ఆ గొంతు తనకు నిద్రలో వినిపిస్తుందని బాపు పోయేదాకా చెప్పేవాడు.

ఆమె ఎవరు?

జమున

కొత్త కాలనీ, గోదావరిఖని
జూన్ 11

జమునక్కా,

ఆలస్యమైంది. ఉత్తరం మొదలుపెట్టి చింపడమే పనైంది.

మొన్న మా భావ్యకు పాలపన్ను ఊడింది. అరచేతిలో పెట్టుకుని ఎగురుకుంటూ పోయి మా నాయనమ్మకు చూపించింది. నాయనమ్మ పేరు సారవ్వ. ఎనభైకి దగ్గర పడింది, నన్ను ఎత్తుకుని పెంచింది ఆమే. మా అమ్మ కూలికి పోతే నాకు ముద్దలు కలిపి పెట్టింది. ఆ పన్ను చూడగానే ఆమె "తియ్యి, అవతలికి తియ్యి" అని అరిచి, కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. పిల్ల జడుసుకుని ఏడుపు. నేను పోయి చూస్తే ఎండలో సిమెంటు రోడ్డు మీద చెప్పుల్లేకుండా కూర్చుని ఉంది.

"ఏందవ్వా, ఏమైంది?" అన్నాను.

"నీ కాయితాల ముచ్చట నాకు ఎరుకైంది రా. నా పేరెందుకు రాయలేదు?" అంది.

పక్కన కూర్చుని అడిగితే చెప్పిందక్కా. ఆ గొంతు ఆమెదే. మా బాపు తమ్ముడు ఒకడుండేవాడట, రెండేళ్ల పిల్లాడు. ఆ వాంతుల్లో పోయాడు. ఆ తర్వాత పోచమ్మ దగ్గర ఆమె ఊగి మీ తాత పేరు చెప్పింది.

ఇది రాస్తే నేను తనకు కొడుకునే కానని బాపు అన్నాడు. "తాత పేరు రాసినవ్, చాలలేదా? బతికున్న అవ్వను బజార్ల పెడ్తవా?" అని చెయ్యెత్తాడు. ఎప్పుడూ ఎత్తనివాడు. రాయకుండా ఉందామనే చూశాను. నా వల్ల కాలేదు. తాత పేరు రాసినప్పుడు నాకేమీ కాలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఈ పేరు రాస్తుంటే కలం కదలడం లేదు.

సారవ్వ. మా నాయనమ్మ సారవ్వ.

ఆమె మీద దయ ఉంచండి.

వీరేందర్

నస్పూర్
జూన్ 23

వీరేందర్‌కు,

నీ ఉత్తరం చదివి మిషన్ ఆపేశాను. పెళ్లివాళ్ల బట్టలు అట్లాగే పడి ఉన్నాయి, వాళ్లు తిట్టిపోయారు.

ఇన్నేళ్లు ఆ గొంతుకు ముఖం ఎట్లా ఉంటుందా అని ఆలోచించాను. రాక్షసిలా పెట్టుకున్నాను. నువ్వేమో ఎండలో చెప్పుల్లేకుండా కూర్చున్న ముసలమ్మను పంపావు. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపొచ్చినందుకు కోపమొచ్చింది. నేనెందుకు ఆమె కోసం ఏడవాలి? తువ్వాల అడ్డం పెట్టుకున్నవాడు మా తాత కదా!

దయ ఉంచమన్నావు. ఉంచుతాను. పోలీసులనను, పంచాయితీ అనను, కాళ్ల మీద పడమనను. ఆమె నోటితో ఆమె చెప్పాలి, అంతే. నీ కాలనీలో అందరి ముందు, "నేను చెప్పింది అబద్ధం, అయిలయ్య ఏమీ చెయ్యలేదు" అని. ఆ నోటితోనే పోయింది మా తాత పేరు, ఆ నోటితోనే రావాలి. నువ్వు చెప్పినా, మీ బాపు చెప్పినా లెక్కలోకి రాదు.

చెప్తే వస్తాను. లేకుంటే మీ తల్లి అక్కడే ఉంటుంది, గని వచ్చి ఆమెను ఏం చేసుకుంటుందో చేసుకోనీ.

జమున

కొత్త కాలనీ, గోదావరిఖని
జూలై 8

అక్కా,

చెప్పి చూశాను. ఒప్పుకోలేదు.

మొదట పెడముఖం పెట్టింది. రెండోసారి అడిగితే అన్నం మానేసింది. మూడోసారి నేను గట్టిగా, "అది అబద్ధమని నీకు తెల్వదా అవ్వా?" అన్నాను. అప్పుడు నా చొక్కా పట్టుకుని గుంజింది.

"అయిలయ్య చెయ్యలేదంటే మరి నా కొడుకు ఎందుకు సచ్చిండురా? చెప్పు. ఎవరన్న చెప్పిండ్రా నాకు? రోజంత ఆడిన పిల్లగాడు తెల్లారేసరికి ఎందుకు లేడు?" అంది.

బావి నీళ్లు అన్నాను. సూక్ష్మజీవులు అన్నాను. నా ముఖాన చూసి నవ్వింది. ఆ నవ్వు చూస్తే భయమేసింది. యాభై ఏళ్లుగా ఆమె ఆ ఒక్క జవాబు మీదే బతికిందక్కా. అది గుంజేస్తే ఆమెకు ఏమీ మిగలదు.

వచ్చే నెల మొదట్లోనే గుడి జాగాలో మట్టి తీస్తారు. నేను వేరే సెక్షన్‌కు మార్చమని అడిగాను, కుదరదన్నారు. ఒకవైపు మీరు, ఒకవైపు బాపు, ఒకవైపు అవ్వ. ఊళ్లోవాళ్లు రోజూ వచ్చి "ఏమాయె వీరన్నా, కుమ్మరామె వస్తదా?" అంటారు. వాళ్లలో ఒక్కరు కూడా ఎందుకు రావడం లేదని అడగరు. ఆ షరతు వదిలెయ్యండి అక్కా. ఆమె ముసలిది.

వీరేందర్

నస్పూర్
జూలై 15

తమ్ముడూ,

ఇది నీకు కాదు, ఆమెకు. పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు. తలకాయ తిప్పుకుంటే అటువైపుకే వెళ్లి చదువు.

సారవ్వా, నీ కొడుకు ఎందుకు చచ్చిపోయాడని అడిగావట. మా తాతా అదే అడిగేవాడు. నీ కొడుకు పోయిన మర్నాడే ఆయన బిడ్డ పోయింది. పేరు సారలమ్మ, మూడేళ్లు. మా బాపుకు చెల్లెలు, నాకు మేనత్త. అదే బావి, అదే నీళ్లు, అవే వాంతులు. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు, నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. ఎందుకో తెలుసా? సొంత బిడ్డను బలిచ్చి అయిలయ్య విద్య సంపాదించాడని మీ ఊళ్లో అన్నారు. బిడ్డను పోగొట్టుకున్నవాణ్ని బిడ్డను తిన్నవాడన్నారు. ఆ మాట ఎవరైనా మళ్లీ అంటారేమోనని మా నాయనమ్మ ఆ పిల్ల బట్టలు కూడా దాచుకోలేదు.

నీకు ఎవరో ఒకరు దొరికారు తిట్టుకోవడానికి. మా తాతకు ఎవరూ దొరకలేదు. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు, ఎవరి పండ్లూ పీకలేదు. నానబెట్టిన రొట్టె తిని బతికాడు.

నా షరతు వదలను. ముసలిదైతే ఏం? మా తాత కూడా ముసలివాడయ్యాడు, ఆ నోటితోనే.

జమున

కొత్త కాలనీ, గోదావరిఖని
జూలై 28

జమునక్కా,

చదివి వినిపించాను. ఆమె అటూ ఇటూ కదల్లేదు. నిన్న బోనాల సంగతి తేల్చడానికి కమ్యూనిటీ హాల్ ముందు అందరూ కూడితే కర్ర పట్టుకుని తనే వచ్చింది. అక్కడేమైందో నన్ను రాయొద్దంది, తనే చెప్తానంది. కింద ఉన్నవన్నీ ఆమె మాటలే. నేను ఒక్క అక్షరం మార్చలేదు.

బిడ్డా జమునా, నేను సారవ్వను. పిల్లగాడు రాస్తుండు, నాకు సదువు రాదు.

నీ మేనత్త పోయింది నాకెరుకే. మీ తాత గుంత తవ్వుతుంటే నేను ఆ పక్కకే, నా కొడుకు గుంత కాడ కూసున్న. ఏడ్సుకుంట తవ్విండు. పార కింద పడేసి మల్ల ఎత్తుకున్నడు. బిడ్డను తిన్నోడు గట్ల ఏడుస్తడా? ఏడ్వడు. నాకు గప్పుడే ఎరుకైంది. ఎరుకైనంకనే ఆయన పేరు చెప్పిన.

పూనకం వచ్చిందన్నరు. పూనకం రాలే బిడ్డా. కోపమొచ్చింది. రోజూ దీపం పెట్టేటోడు, ఆయన దీపం పెట్టంగ పెట్టంగ గా తల్లి నా కొడుకును కాపాడకపాయె. తల్లిని తిట్టనీకి భయమాయె. నాకు ఎవలో ఒకలు కావాలె. ఆయన దొరికిండు. పండ్లు పీకుమని నేను అనలే. వద్దని గూడ అనలే. మా ఆయన పట్కారు అడిగితే పొయ్యి కాడి నుంచి తెచ్చిచ్చింది నేనే. ఇది నిన్నటిదాక ఎవలకు ఎరుక లేదు, పోశంకు గూడ.

నిన్న గిదంత అందరి ముంగట చెప్పిన. ముసల్దానికి మతి తప్పిందన్నరు కొందరు. ఇన్నేండ్లకు గిప్పుడెందుకన్నరు. సచ్చినంక వచ్చి చెప్తనా అన్న. పోశం లేచి పోయిండు, ఇంక ఇంటికి రాలే. అందరు ఊకున్నంక ఇంకోసారి చెప్పిన. అయిలయ్య ఏం చెయ్యలే, నేను అబద్దమాడిన, నా నోరే చేసింది అని.

నా కొడుకు ఎందుకు సచ్చిండో నాకు గిప్పుడు గూడ తెల్వది. తెల్వకనే పోత.

ఇంకొక్కటి. పోచమ్మ ఎనక, నీళ్లు పారే ఒర్రె గడ్డ మీద ఆ ఇద్దరు పిల్లలు ఒక్క దగ్గరనే ఉన్నరు. ఏ గుంత ఎవలదో బతికున్నోళ్లల్ల నాకొక్కదానికే ఎరుక. ఆ జాగ గూడ తవ్వుతరట. నేను నడుస్త, చూపిస్త. నువ్వు నా మొఖం సూడకున్నా మంచిదే. వస్తవా బిడ్డా?

నస్పూర్
జూలై 31

తమ్ముడూ,

మా బాపు బాయి దిగి రిటైరై, చచ్చిపోయేదాకా ఒక్కసారి కూడా ఆ గోదావరి దాటి రాలేదు. చెల్లెలు ఎక్కడుందని అడగడానికి ఆ ఊళ్లో మనిషి లేడనుకున్నాడు. మనిషి ఉంది. ఆమెనే అడగాలని ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

పట్కారు సంగతి చదివి కాయితం కింద పడేశాను. మళ్లీ తీసి చదివాను. మా ఆయనకు ఇవాళ మొదటిసారి సారలమ్మ పేరు చెప్పాను. ఆయన లేచి వెళ్లి స్కూటర్ టైర్లలో గాలి చూస్తున్నాడు.

శుక్రవారం పొద్దున వస్తున్నాం. పోచమ్మను తర్వాత లేపుదాం, చెయ్యి వేస్తాను, మాట తప్పను. ముందు ఆ ఒర్రె గడ్డకు పోదాం. ఇద్దరినీ తియ్యాలి, ఎముకలు పెట్టడానికి ఇద్దరికీ కుండలు నేనే తెస్తాను. అవ్వను ఎండలో నడిపించకు, నీ బండి మీద తీసుకురా. ఆమె గుంతలు చూపించేటప్పుడు నేను ఆమె పక్కనే నిలబడతాను. ముఖం చూస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను.

ఊళ్లో ఎవరైనా అడిగితే జమున క్షమించిందని చెప్పకు, అది నాకే ఇంకా తెలియదు. వస్తోందని చెప్పు.

అక్క
జమున